పిల్సెన్‌లో ఆదాయాలు పెరిగాయంటే, పెరిగింది ఎవరి ఆదాయం?

మీ ప్రశ్న ఇదీ: చికాగోలోని పిల్సెన్‌లో టూ-ఫ్లాట్ (కిందొకటి, పైనొకటి రెండు వాటాల) ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నారు. ఆ ఏరియా మధ్యస్థ ఆదాయం (కుటుంబాలను ఆదాయం వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) బాగా పెరిగిందని సైట్లు చూపిస్తున్నాయి. అంటే అక్కడి మెక్సికన్ కుటుంబాలు బాగుపడినట్టేనా?

కొందరు బాగుపడ్డారు, నిజమే. కానీ ఆ అంకె ముఖ్యంగా చెప్పేది వేరే సంగతి: ఎవరు ఖాళీ చేశారు, వాళ్ళ స్థానంలో ఎవరు దిగారు అని.

యూఐసీలో (చికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో) చదివే రోజుల్లో 18వ వీధి దగ్గర పై వాటాలో నలుగురం తెలుగువాళ్ళం అద్దెకుండేవాళ్ళం. ఉద్యోగం వచ్చాక కూడా ఆ చుట్టుపక్కలే ఉండిపోయాను. కింది వాటాలో ఓనర్లు, మెక్సికో నుంచి వచ్చిన పెద్ద వయసు దంపతులు. మాకు ముందు పై వాటాలో ఉన్నది వాళ్ళ బంధువుల కుటుంబమే. ఇద్దరు సంపాదించేవాళ్ళు, ముగ్గురు పిల్లలు, ఒక నాయనమ్మ. వాళ్ళు శివారు ఊరు బెర్విన్‌కి మారాక మేం దిగాం. సెన్సస్ ఆదాయం లెక్కలో ఒక వాటాలో ఉండేవాళ్ళంతా కలిసి ఒక కుటుంబం (హౌస్‌హోల్డ్) కింద లెక్క. అదీ ఒక కుటుంబమే, మేం నలుగురం కలిసినా ఒక కుటుంబమే. చదువుకుంటున్నంత కాలం మా రాబడి తక్కువ కాబట్టి ఏరియా మధ్యస్థ ఆదాయాన్ని కిందికి లాగాం. ఆ తర్వాత అదే వాటాలోకి ఐటీ ఉద్యోగాల జంట వచ్చింది. ఆ గడప ఆదాయం ఒక్కసారిగా పైకి లేచింది. ఇందులో ఏ మెక్సికన్ కుటుంబానికీ జీతం పెరగలేదు.

అంకెలు చూడండి. లోయర్ వెస్ట్ సైడ్ అని చికాగో లెక్కల్లో రాసే ఈ ఏరియాలో 2000లో 44 వేలమంది ఉండేవారు. 2010కి 36 వేలలోపు, 2020కి 34 వేలలోపు. 2000లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది హిస్పానిక్ (మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు), 2020కి ఏడుగురు. తలల లెక్కన చూస్తే హిస్పానిక్‌లు పదిహేను వేల దాకా తగ్గారు. అదే సమయంలో నగరం మొత్తం మీద హిస్పానిక్ జనాభా 2010లో 7.8 లక్షలుంటే 2020కి 8.2 లక్షలయింది. అంటే హిస్పానిక్‌లకు ఇరుకైంది చికాగో కాదు, పిల్సెన్. అయినా 2020 సెన్సస్‌లో దేశమంతటా హిస్పానిక్‌లను దాదాపు 5 శాతం తక్కువగా లెక్కపెట్టారని సెన్సస్ బ్యూరోయే తర్వాత ఒప్పుకుంది, కాబట్టి ఏ అంకెనీ మరీ గట్టిగా పట్టుకోకండి.

వింతేమిటంటే, మెక్సికన్లు పిల్సెన్‌కి పెద్దసంఖ్యలో రావడానికి ఒక కారణం మా యూనివర్సిటీయే. 1965లో తెరిచిన ఆ క్యాంపస్ కోసం నియర్ వెస్ట్ సైడ్‌లో ఇళ్ళు కూల్చేస్తే, అక్కడి మెక్సికన్లలో చాలామంది ఒకప్పుడు చెక్ వాళ్ళ పేటగా ఉన్న పిల్సెన్‌కి చేరారు. ఇప్పుడు అదే యూనివర్సిటీ విద్యార్థులం వాళ్ళ వాటాల్లో అద్దెకు దిగుతున్నాం.

పక్కనున్న లిటిల్ విలేజ్‌తో పోల్చి చూస్తే ఇంకాస్త తెలుస్తుంది. అక్కడి 26వ వీధి బజారు ఇప్పటికీ మెక్సికన్లదే. అక్కడా జనం తగ్గారు: 2000లో 91 వేలు, 2020లో 71 వేలు. అయితే ఆ లెక్కలో కుక్ కౌంటీ జైలు కూడా ఉంది! ఖైదీలను ఉన్నచోటే లెక్కపెడతారు కాబట్టి ఆ ఏరియాలో మగవాళ్ళ సంఖ్య పైకి లేస్తుంది. కుటుంబాల ఆదాయం లెక్కలో మాత్రం వాళ్ళు రారు. సైట్లు ఇదేమీ చెప్పవు.

మీకు నిజంగా తెలుసుకోవాలనుంటే సెన్సస్ వెబ్‌సైట్‌లో బి19013ఐ అనే పట్టిక తెరవండి. హిస్పానిక్ కుటుంబాల మధ్యస్థ ఆదాయం విడిగా ఇస్తుంది. దాని పక్కన బి19013హెచ్ పెట్టుకుంటే హిస్పానిక్ కాని తెల్లవాళ్ళది. ఐదేళ్ళ సర్వేలను కలిపి ఇచ్చే అంచనాలు వాడండి, కానీ ఒకదాని మీద ఒకటి పడే సంవత్సరాలను పోల్చొద్దు. 2014–18ని 2019–23తో పోల్చండి, ధరల పెరుగుదలకు తగ్గట్టు డాలర్ విలువ సర్దుకుని. చిన్న ఏరియాల్లో పొరపాటు హద్దు (అంచనా అటూ ఇటూ ఎంత తప్పొచ్చో చెప్పే అంకె) చాలా పెద్దగా ఉంటుంది, అది చూడకుండా రెండు మూడు వేల డాలర్ల తేడాని పట్టుకుని వాదించుకోవడం దండగ.

ఇక కొనే సంగతి. సొంత ఇళ్ళున్న మెక్సికన్ కుటుంబాలకు ఇంటి విలువ పెరిగింది, చేతికొచ్చే డబ్బు కాదు. 2021 రీఅసెస్‌మెంట్ (పన్ను కోసం ఇళ్ళ విలువ మళ్ళీ కట్టడం) తర్వాత వచ్చిన బిల్లుల్లో ఈ ఏరియా మధ్యస్థ ఇంటిపన్ను దాదాపు 46 శాతం పెరిగింది. మా ఓనర్ పెద్దాయన ఆ బిల్లు పట్టుకుని పైకొచ్చి, ఇంగ్లీషులో ఉన్నదంతా నాచేత చదివించుకున్నాడు. ఆ ఏడాది మా అద్దె పెరిగింది, ఆయన్ని తప్పుపట్టలేకపోయాను. టూ-ఫ్లాట్ కొని గోడ కొట్టేసి ఒకే ఇల్లుగా మార్చుకుందామనుకుంటే ఆగండి. పిల్సెన్‌లో అలా మార్చడంపై 2021లో నగరం ఆంక్షలు పెట్టింది.

అమ్మేవాళ్ళు చూపించే పాత పన్ను బిల్లును అస్సలు నమ్మకండి. వాళ్ళు పెద్దవయసు వాళ్ళయితే సీనియర్ మినహాయింపు, సీనియర్ ఫ్రీజ్ (పన్ను కోసం కట్టే ఇంటి విలువను పెరగకుండా ఆపేది) వల్ల ఆ బిల్లు తగ్గి ఉండొచ్చు. మీ పేరుకి మారాక అవి పోతాయి. అసెసర్ (ఇళ్ళకు పన్ను విలువ కట్టే కౌంటీ ఆఫీసు) సైట్‌లో ఆ ఇంటి పిన్ నంబరు (ఇంటి గుర్తింపు సంఖ్య) కొట్టి ఏ మినహాయింపులున్నాయో చూసి, అవి లేకుండా ఎంతవుతుందో లెక్కేసుకున్నాకే ధర మాట్లాడండి.