46 వేల జాకెట్టు కొనొచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది ధర్మవరం దగ్గర పల్లె. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మారతహళ్లిలో ఉంటున్నాను. నెలకు చేతికి 92,000 వస్తుంది. అద్దె 21,000, ఇంటికి పంపేది 15,000, తిండి, తిరుగుడు, కరెంటు వగైరా 18,000, మ్యూచువల్ ఫండ్‌లో సిప్ 8,000. బట్టలకు, ఎక్కువగా రెండు మూడు వేల టాప్‌లకు, నెలకు 14,000 దాకా అవుతోంది. క్రెడిట్ కార్డు మీద 1,38,000 బాకీ ఉంది, నెలనెలా కనీస మొత్తం 6,900 కడుతున్నాను. ఇవి కాక ఒక బ్యాగు, ఒక జత బూట్ల మీద నో కాస్ట్ ఇఎంఐలు 5,550. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 2 లక్షలున్నాయి. ఈ మధ్య ఒక డిజైనర్ జాకెట్ చూశాను. చేనేత నూలు, చేత్తో కుట్టిన పని, ధర 46,000. కుర్తా మీదా వేసుకోవచ్చు, జీన్స్ మీదా వేసుకోవచ్చు. పెళ్లిళ్లకి కాదు, రోజూ ఆఫీసుకే. మంచిదొకటి కొంటే ఏళ్ల తరబడి వస్తుందని నా లెక్క. అమ్మేమో "46 వేలు పెట్టి జాకెట్టా! మరి చీరేదీ?" అంటోంది. మీరేమంటారు?

జవాబు: మీ అమ్మగారి మాటకి రెండు రోజులు నవ్వుకున్నాను. మన సీమ ఇళ్లల్లో జాకెట్టంటే రవికే. మీటరు గుడ్డ, కుట్టుకూలి, దాని మీద అంతకు మించి ఎవరూ పెట్టరు. (మగ్గం వర్కు వచ్చాక ఆ మాట చెల్లడం లేదనుకోండి.) ఈసారి ఫోన్ చేసినప్పుడు పైకోటు అని చెప్పి చూడండి, సగం గొడవ తగ్గుతుంది. మిగతా సగం మాత్రం ఆమె వైపే న్యాయం ఉంది.

నా సమాధానం: కొనొచ్చు. ఇప్పుడు కాదు. ఆ కార్డు మీద అసలే కాదు.

మీరు రాసిన అంకెల్లో నన్ను కంగారు పెట్టింది 46,000 కాదు, 6,900. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుందాం, చాలా కార్డులు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. 1,38,000 మీద అది 4,830. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 869. మొత్తం 5,699. అంటే మీరు కట్టే 6,900లో అసలుకు జమయ్యేది 1,200 రూపాయలే. పైగా బాకీ ఒక్క రూపాయి మిగిలినా మీకు వడ్డీ లేని గడువు ఉండదు. ఈ నెల కొన్న చున్నీ మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తోంది. డిస్కౌంట్‌లో వచ్చిందని మీరు సంతోషపడ్డ ప్రతి వస్తువూ మీరు కొన్న ధర కంటే ఎక్కువకే పడింది.

ఇంకోపక్క 2 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో నిద్రపోతున్నాయి. ఏడు శాతం వస్తోందనుకున్నా, 1,38,000 మీద నెలకు 805 రూపాయలు. 805 సంపాదించుకోవడానికి 5,699 కడుతున్నారు. అత్యవసరానికి దాచిన డబ్బు ముట్టుకోకూడదని ఎవరో చెప్పి ఉంటారు, మంచి మాటే. కానీ నెలనెలా ఆరు వేలు తినేసే బాకీ కంటే అత్యవసరం ఏముంటుంది?

కాబట్టి ఈ వారమే డిపాజిట్‌లోంచి 1,38,000 తీసి కార్డు మొత్తం కట్టేయండి. కొన్ని బ్యాంకులు కొంత మొత్తం విడగొట్టనిస్తాయి. మీ బ్యాంకు ఒప్పుకోకపోతే మొత్తం తీసి, మిగిలిన 62,000 మళ్లీ వేసుకోండి. గడువుకు ముందే తీసినందుకు వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోస్తారు, దానికి బాధపడకండి. కట్టే రోజున బ్యాంకు యాప్‌లో ఆనాటి బాకీ ఎంతో చూసి కట్టండి. అయినా వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో కొద్దిగా వడ్డీ కనిపిస్తుంది. స్టేట్‌మెంట్ తేదీ నుంచి మీరు కట్టిన రోజు దాకా నడిచిన వడ్డీ అది. తప్పు పడిందని వదిలేయకుండా అదీ కట్టండి, చాలామంది అక్కడే మళ్లీ ఇరుక్కుంటారు.

బ్యాగూ బూట్ల ఇఎంఐలు గడువు దాకా నడవనివ్వండి. ముందే ముగిస్తే సాధారణంగా ఫీజు పడుతుంది. "నో కాస్ట్" అన్న పేరు మాత్రం నమ్మకండి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. వడ్డీ ఎంతో అంత ధరలో తగ్గింపుగా చూపిస్తారు, ప్రాసెసింగ్ ఫీజు విడిగా వేస్తారు, వడ్డీ మీది జీఎస్టీ మీ చేతే కట్టిస్తారు.

ఇక జాకెట్ సంగతి. ఇలాంటి ఉత్తరాలకు "అనవసర ఖర్చు మానండి" అని ఒక్క ముక్కలో రాసేస్తే నాకూ పని తేలిక. కానీ మీ ఆలోచనలో సరుకుంది. బట్టలు పొరలుగా వేసుకోవడానికి మన దేశంలో బెంగళూరుకు మించిన ఊరు అరుదు. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. జనవరిలో పొద్దున బస్సెక్కేటప్పుడు 16 డిగ్రీలు, మధ్యాహ్నం 27, ఆఫీసులో ఏసీ ఎప్పుడూ వణికిస్తూనే ఉంటుంది, వానాకాలంలో సాయంత్రం ఏ క్షణాన వాన పడుతుందో తెలీదు. ఒంటి మీద తీసి వేసుకునే పొర ఒకటి ఉండాల్సిందే. ఇదే జాకెట్ గురించి విజయవాడ నుంచి ఎవరైనా అడిగి ఉంటే నా జవాబు రెండు ముక్కల్లో అయిపోయేది.

పొరల్లో డబ్బు ఎక్కడ పెట్టాలన్నదే అసలు విషయం. ఒంటికి ఆనుకునే బట్ట చెమట పడుతుంది, తొడిగిన ప్రతిసారీ ఉతుకుతాం, ఏడాదికల్లా చంకల దగ్గర రంగు పోతుంది. దాని మీద వేలు పోయడం దండగ. పైపొర అలా కాదు. గాలికి ఆరబెట్టి, బ్రష్‌తో దులిపి, మూడు నెలలకోసారి డ్రైక్లీనింగ్‌కు ఇస్తే చాలు. తక్కువ అరుగుతుంది, అందరికీ కనిపించేదీ అదే. లోపల ఆరు వందల కుర్తా, పైన మంచి జాకెట్, ఇది తెలివైన కొనుగోలు. మీరు చేస్తున్నది దీనికి తలకిందులుగా ఉంది. నెలకు 14,000 పెట్టి రెండు వేలు, మూడు వేల టాప్‌లు కొంటున్నారంటే ఖరీదైన లోపలి పొరలు పోగేస్తున్నారన్నమాట.

న్యూయార్క్ డిజైనర్ డోనా కరన్ 1985లో ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్ల కోసం ఏడే ఏడు వస్త్రాలతో పేరు తెచ్చుకుంది. ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ, మార్చి మార్చి జత చేసుకుంటే పొద్దున ఆఫీసు నుంచి రాత్రి విందు దాకా సరిపోవాలన్నది ఆలోచన. బట్టలు అమ్ముకునే మనిషే ఏడు చాలంది. మీ బీరువాలో ఎన్నున్నాయో లెక్కపెట్టారా?

తొడిగిన ఒక్కోసారికి ఎంత పడుతుందో చూద్దాం. వారానికి రెండు రోజులు, ఎండాకాలం వదిలేసి ఏడాదికి 40 వారాలు. 80 సార్లు. ఐదేళ్లకు 400. ధర 46,000, డ్రైక్లీనింగ్‌కు ఐదేళ్లలో ఓ 7,000 వేసుకుంటే మొత్తం 53,000. ఒక్కోసారికి 132 రూపాయలు. అదే 2,200 పెట్టి కొని ఏడుసార్లు తొడిగి పక్కన పడేసే టాప్ ఒక్కోసారికి 314 పడుతుంది. ఇంతవరకూ మీదే గెలుపు. కానీ ఈ లెక్క నిలబడేది ఆ "వారానికి రెండు రోజులు" అన్నదాని మీద. ఏమైనా మరక పడుతుందేమోనన్న భయంతో ఏడాదికి మూడుసార్లే బయటికి తీస్తే ఐదేళ్లకు పదిహేనుసార్లు, ఒక్కోసారికి మూడు వేల పైనే.

ఈ భయం నాకు బాగా తెలుసు. 2011లో పద్దెనిమిది వేలు పెట్టి సూటు కుట్టించుకున్నాను, క్లయింట్లను కలవడానికి రోజూ తొడుగుతానని ఇంట్లో చెప్పి మరీ. మూడుసార్లు తొడిగాను. మూడూ పెళ్లిళ్లే. ఇప్పుడది నాకు పట్టదు, మా ఆవిడ పారేయనివ్వదు.

అందుకే మీకో పరీక్ష. మంగళగిరి నూలో, మీకు నచ్చిన ఇంకే చేనేత గుడ్డో రెండున్నర మీటర్లు తీసుకోండి, చిక్‌పేటలో వెతికినా దొరుకుతుంది. మీ ఇంటి దగ్గర టైలర్‌కి జాకెట్ ఫోటో చూపించి అదే కోతలో, పల్చటి అస్తరు వేసి కుట్టమనండి. గుడ్డా కూలీ కలిపి రెండు మూడు వేల లోపు తేలాలి. బీరువా తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో తొడిగినప్పుడల్లా ఒక గీత పెట్టండి. రెండు నెలల్లో పదహారు గీతలు పడితే పొర వేసుకునే అలవాటు మీకు నిజంగా ఉన్నట్టు. ఐదారు గీతలకే ఆగిపోతే 40 వేలకు పైగా మిగిలినట్టు.

కుట్టించుకోమనడానికి ఇంకో కారణం పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ వస్త్రం ధర 2,500 దాటితే జీఎస్టీ 18 శాతం, దాటకపోతే 5. కుట్టని గుడ్డకూ చీరకూ మాత్రం ధర ఎంతైనా 5 శాతమే. 46,000 జాకెట్ ధరలో పన్ను ఒక్కటే ఏడు వేల పైచిలుకు. అదే 46,000 పెట్టి చీర కొంటే అందులో పన్ను 2,200 లోపు. "మరి చీరేదీ" అన్న మీ అమ్మగారికి ఈ సంగతి తెలీదు, కానీ చూశారా, ఆమె వైపు ప్రభుత్వం కూడా ఉంది.

జాకెట్‌ను పెట్టుబడి అని మాత్రం నాకు రాయకండి. అసలు వెండి జరీ ఉన్న పాత పట్టుచీరనైనా తూకం వేసి కొనేవాళ్లున్నారు. డిజైనర్ పేరుకు షాపు గడప దాటాక విలువ అమాంతం పడిపోతుంది. అది ఖర్చే. ఇష్టపడి చేసే ఖర్చులో తప్పు లేదు, లెక్కలో దాని పేరు మార్చకూడదంతే.

ఇప్పుడు నెలవారీ పద్దు. కార్డు తీరిపోతే 6,900 మిగులుతుంది. బట్టల ఖర్చు 14,000 నుంచి 5,000కి దించండి, ఇంకో 9,000. ఈ 15,900 నెలనెలా డిపాజిట్ వైపు వేస్తే తీసిన 1,38,000 తొమ్మిది నెలల్లో పూడుతుంది. సిప్ ముట్టుకోవద్దు. ఇంటికి పంపేదీ తగ్గించొద్దు. ఆ బట్టల 5,000 మాత్రం విడిగా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆరున్నర శాతం వడ్డీ వచ్చినా తొమ్మిది నెలలకు 46,200 అవుతుంది. కావాలని కుదిర్చింది కాదు, మీ అంకెలే అలా ఉన్నాయి. అయితే ఆ తొమ్మిది నెలలూ టైలర్ ఖర్చు తప్ప ఇంకో గుడ్డ కొనకూడదు. పండగ అమ్మకాలు, సీజన్ ముగింపు అమ్మకాలు, ఆఫీసులో పక్క సీటు అమ్మాయి కొత్త కోటు, అన్నీ దాటాలి. కష్టమే. ఫోన్‌లో షాపింగ్ యాప్‌ల నుంచి కార్డు వివరాలు తీసేస్తే కొంత తేలికవుతుంది.

తొమ్మిది నెలల తర్వాత కూడా ఆ జాకెట్టే కావాలనిపిస్తే, గీతలు కూడా ఔనంటే, డబ్బు చేతిలో పెట్టుకుని వెళ్లి కొనుక్కోండి. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు, నాతో సహా.

ఈలోగా ఒక పని. మీది ధర్మవరం వైపు కాబట్టి మీ అమ్మగారి బీరువాలో మడతల దగ్గర చిరిగిన పట్టుచీర ఒకటైనా ఉండి తీరుతుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే పట్టూ జరీ అక్కడే తెగుతాయి. మిగతా గుడ్డంతా గట్టిగానే ఉంటుంది. తెగిన చోట్లు వదిలేసి, నూలు అస్తరు వేసి, అంచు ముందు వైపు నిలువుగా వచ్చేలా పొడవాటి పైకోటు కుట్టిస్తే ఏ డిజైనర్ షాపులోనూ అలాంటిది ఇంకొకటి దొరకదు. కత్తెర పెట్టే ముందు ఆమెను అడగండి. ముందు ససేమిరా అంటారు. రెండోసారి అడిగితే, కోటు పోను అందులో ఒక జాకెట్టు గుడ్డ మిగులుతుందేమో చూడమంటారు.