మోకాలి ఆపరేషన్‌కి నడుముకిచ్చే మత్తే మేలు, కానీ ముందు ఒక మాట అడగండి

మోకాలికి ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) చేసి అదే రోజు ఇంటికి పంపేస్తామని డాక్టర్లు అన్నారట, నడుముకి మత్తు తీసుకోవాలా, పూర్తి మత్తా అని ఒకరు నన్ను అడిగారు. నన్నడిగితే స్పైనలే, అంటే నడుముకిచ్చే మత్తే. మెనిస్కస్ (మోకాలి కీలులో మెత్తలా ఉండే మృదులాస్థి) చిరిగినప్పుడు నేను దాంతోనే చేయించుకున్నాను.

సూదంటే చాలా భయపడ్డాను. తీరా చూస్తే ముందు చర్మం మొద్దుబారడానికి ఇచ్చిన ఇంజెక్షనే కాస్త చురుక్కుమంది. కాసేపటికే కాళ్లు వెచ్చబడి బరువెక్కాయి. సూది వేసేటప్పుడు కూర్చుని ఉన్నాను కదా, పడుకోబెట్టాక కూడా మోకాళ్లు వంగే ఉన్నట్టు అనిపించింది. తల ఎత్తి చూస్తే నర్సు ఒక కాలు పైకెత్తి పట్టుకుని మందు పూస్తోంది. ఎవరి కాలా అనుకున్నాను! తర్వాత స్క్రీన్ మీద నా మోకాలి లోపలే చూశాను. చిరిగిన అంచు పీచులా నీళ్లలో ఊగుతోంది. "ఇదేనండీ మిమ్మల్ని ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టింది" అని డాక్టర్ చూపించారు. ఆ ఒక్క చూపుతో నా టెన్షన్ సగం పోయింది.

మా అక్క ఇలాంటి ఆపరేషనే పూర్తి మత్తులో చేయించుకుంది. లేవగానే వాంతులు, రెండు రోజులు గొంతు నొప్పి. అయినా నాకంటే ముందే ఇంటికెళ్లింది, అది మాత్రం ఒప్పుకోవాలి.

నాకెందుకు ఆలస్యమైందంటే, మూత్రం రాలేదు. ఆపరేషన్ 40 నిమిషాల్లో అయిపోయింది. బొటనవేలు కదలడానికే దాదాపు 3 గంటలు పట్టింది. ఆ మందు కాళ్లతో పాటు మూత్రాశయం నరాలనూ మొద్దుబారుస్తుందట. మూత్రం వచ్చేదాకా ఇంటికి పంపేది లేదన్నారు. పొట్ట బిగదీసుకుని సాయంత్రం దాకా పడుకున్నాను. ఈ సంగతి ముందు ఒక్కరూ చెప్పలేదు. మత్తు డాక్టర్ నన్ను మొదటిసారి చూసిందే థియేటర్ గుమ్మం దగ్గర, స్ట్రెచర్ మీద. సంతకం పెట్టే కాగితం చదివే టైమ్ కూడా ఇవ్వలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకే మీరు ముందే అడగండి, ఏ మందు వేస్తారు, ఎంతసేపు ఉంటుంది అని. బుపివకైన్ అయితే గంటల తరబడి ఉంటుంది. క్లోరోప్రొకైన్ లాంటివి త్వరగా దిగిపోతాయి, అదే రోజు ఇంటికెళ్లేవాళ్లకి అవే నయం. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి, అప్పుడు స్పైనల్ కుదరకపోవచ్చు.

స్పైనల్ తర్వాత తలనొప్పి వస్తుందన్న భయం కొత్తది కాదు. 1898లో ఆగస్ట్ బీర్ అనే జర్మన్ సర్జన్ ఈ పద్ధతిని తన మీదే చేయించుకుని తలనొప్పితో మంచం పట్టాడు. ఇప్పుడు సన్నటి, పెన్సిల్ మొనలాంటి సూదులు వాడుతున్నారు కాబట్టి ఆ బాధ బాగా తగ్గింది. నాకు రాలేదు. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి మీకు వస్తే మాత్రం ఓర్చుకోకుండా డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

ఇక పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ "నడుముకి సూదా! ఇక జీవితాంతం నడుం నొప్పే" అని బెదరగొట్టారు. ఆపరేషన్ అయిన మనిషితో అనే మాటేనా అది? సూది దిగిన చోట మూడు రోజులు నొక్కితే నొప్పిగా ఉంది, అంతే. మళ్లీ రాలేదు.