అమ్మ తదనంతరం పొలం పంపకం: మా ఇంట్లో జరిగిన తీరు

మీ నాన్నగారు వీలునామాలో పొలాన్ని అమ్మ జీవితాంతం అనుభవించాలని, ఆమె తదనంతరం నలుగురు పిల్లలూ సమానంగా పంచుకోవాలని రాశారనీ, ఇప్పుడు అమ్మ కూడా పోయారు కనుక ఎవరికీ అన్యాయం జరగకుండా ఎలా పంచుకోవాలనీ మీరు అడిగారు. నేను వకీలును కాను; అనంతపురం జిల్లాలో చాలా ఏళ్ళు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. అయితే అచ్చంగా ఇలాంటి వీలునామా మా ఇంట్లోనూ ఉండేది కాబట్టి ధైర్యంగానే సమాధానం రాస్తున్నాను. సమానంగా అన్న మాటను ఎకరాల లెక్కలో చూడటం మొదలుపెట్టారంటే మీ పంపకం చెడిపోయినట్టే. మెట్టసీమలో భూమికి విలువ ఇచ్చేవి నీళ్ళూ దారీ. ఆ రెండూ తేలిన తరువాతే కొలత గొలుసు పట్టుకోవాలి.

మా నాన్న 1996లో పోయారు. తాడిపత్రి వెళ్ళే దారికి లోపలగా ఉన్న మా పల్లెలో ఆయన స్వార్జితంగా కొన్న 14 ఎకరాల 40 సెంట్లను, "నా భార్య తన జీవితకాలమంతా ఫలసాయము అనుభవించవలెను, విక్రయాది హక్కులు ఆమెకు లేవు, ఆమె తదనంతరం నా నలుగురు సంతానము సమభాగములుగా పొందవలెను" అని వీలునామా రాశారు. అన్న, నేను, ఇద్దరు తమ్ముళ్ళు. అమ్మ ఉన్నంతకాలం అన్నే సేద్యం చేశాడు. నాలుగు బోర్లు వేయిస్తే మూడు ఎండు బోర్లయ్యాయి, వంక (వాగు) దగ్గర వేసిన దానిలో మాత్రం రెండించుల నీళ్ళు పడ్డాయి. ఆ నీటిని నమ్ముకొని మూడు వందల చీనీ (బత్తాయి) చెట్లు పెట్టాడు. 2009లో పెద్ద తమ్ముడు చనిపోయాడు, 2014లో అమ్మ పోయింది.

అమ్మ కర్మకాండలు ముగిసిన వారానికే మొదటి పేచీ వచ్చింది. "అమ్మకంటే ముందే పోయినోనికి పాలు యాడిది?" అని మా చిన్నాయన ఒకరు అన్నారు, ఆ తమ్ముడి భార్య, నా మరదలు, తలవంచుకుని కూర్చుంది. మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇలా అనవచ్చు కాబట్టి చెబుతున్నాను: 1925 నాటి భారత వారసత్వ చట్టం 119వ సెక్షన్ ప్రకారం, వీలునామాలో వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప, స్వాధీనం ఎప్పుడు వచ్చినా హక్కు మాత్రం వీలునామా రాసిన మనిషి పోయిన రోజునే సంక్రమిస్తుంది. మా నాన్న పోయేనాటికి తమ్ముడు బ్రతికే ఉన్నాడు కనుక అతని పాలు, అంటే వాటా, అతని భార్యాబిడ్డలదే. ఈ ఒక్క మాట అర్థం చేయించడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

దీనికి పక్కనే ఇంకో చిక్కు ఉంది. అమ్మకు ఇచ్చింది జీవితకాలపు హక్కే అయినా, దాన్ని ఆమె భరణం హక్కును గుర్తించి ఇచ్చి ఉంటే, హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద అది సంపూర్ణ హక్కుగా మారే అవకాశం ఉందని 1977లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం నుంచే వెళ్ళిన తులసమ్మ కేసులో తేల్చింది. అలా మారితే అమ్మ ఎవరికి ఏమి రాసిచ్చిందన్న ప్రశ్న లేస్తుంది, అందుచేత వీలునామాలోని మాటలను అక్షరం అక్షరం ఒక మంచి వకీలుకు చూపించండి. ఆడపిల్లకు పెళ్ళిలో పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా అని మా ఇంట్లో అన్నట్టే మీ ఇంట్లోనూ అంటారు. నా పెళ్ళి 1978లో జరిగింది కనుక ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇస్తూ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన రాష్ట్ర సవరణ, అప్పటికే పెళ్ళయిన నాబోటి వాళ్ళను వదిలేసిందనీ, 2005లో కేంద్ర చట్టం వచ్చేదాకా ఆ గీత చెరగలేదనీ నాకు ఇప్పటికీ కడుపుమంటే. కానీ వీలునామాలో పేరు ఉన్నప్పుడు ఆ చర్చతో పనే లేదు.

ఇక అసలు పంపకం. మా చేను రోడ్డు నుంచి వంక దాకా 1,320 అడుగుల పొడవు, అడ్డం సుమారు 475 అడుగులు. రోడ్డు పక్క నేల మామూలుదే కానీ ధర ఎక్కువ, దాని కింద గరప నేల, ఆ కింద శెనక్కాయకు పనికివచ్చే ఎర్రనేల, అడుగున వంక ఒండ్రు, అందులో తోటా బోరూ. పెద్దమనుషులు ఎప్పుడూ చెప్పే పరిష్కారమే చెప్పారు: అందరికీ రోడ్డూ వంకా రెండూ తగిలేటట్టు నిలువునా నాలుగు పట్టీలుగా చీల్చుకోండని. వినడానికి ధర్మంగానే ఉంటుంది. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను: ఒక్కొక్కరికి 119 అడుగుల వెడల్పు మాత్రమే వస్తుంది, మధ్యలో మూడు అడుగుల గెనిమలు (గట్లు) మూడు వేస్తేనే 27 సెంట్ల నేల పోతుంది, తోట నాలుగు ముక్కలవుతుంది, బోరు ఒక్కరి పట్టీలోనే ఉంటుంది. ఎవరి బోరు వాళ్ళు వేసుకుంటారులే అన్నారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే జిల్లాలో, ఒకదాని పక్కన ఇంకొకటి వేసిన బోర్లు ఒకదాని నీళ్ళు ఇంకొకటి లాక్కుంటాయని తెలిసీ ఆ మాట అనగలగడం నాకు ఆశ్చర్యమే. పైగా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చాక కొత్త బోరుకు అనుమతి కావాలి.

అందుకని అడ్డంగానే కోద్దామని, తూర్పు గెనిమ వెంట 12 అడుగుల బండిబాట అందరికీ ఉమ్మడిగా వదిలేద్దామని తేల్చాం. బాటకు 36 సెంట్లు పోతే 14 ఎకరాల 4 సెంట్లు మిగిలింది. విడిపోయిన భాగానికి దారి తప్పనిసరి అయితే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ఎలాగూ ఇస్తుంది కానీ, దానికోసం కోర్టు మెట్లు ఎక్కడం కంటే గెనిమ వెంట ముందే సున్నం చల్లుకోవడం నయం.

ఆ సున్నం చల్లిన పూటను నేను మరిచిపోలేను. పొలం లోతుపాతులు తెలిసినవాడు కనుక గీతలు గీసే పని అన్నకే అప్పగించాం. పురికొస పట్టుకొని రోడ్డు పక్క మూడు ఎకరాలు, గరప 3.39, ఎర్రనేల 3.65, అడుగున తోటతో కలిపి నాలుగు ఎకరాలు అని గుర్తులు పెట్టాడు. అప్పుడు నేను, గీతలు గీసిన మనిషే అందరికంటే చివర తన ముక్కను ఎత్తుకోవాలి (ఎంచుకోవాలి), మరదలు ముందు ఎత్తుకుంటుంది అన్నాను. అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకొని, గరప నేల వైపు చూసి, పురికొస చుట్టుకుంటూ వెళ్ళి గరపకు కింద ఉన్న రెండు గీతలనూ వంక వైపు సుమారు ఎనభై అడుగులు జరిపాడు. గరప 4.25 అయింది, తోట ముక్క 3.14కు తగ్గింది. మా అన్న దొంగ కాడు, ఎవరైనా అంతే. ఎత్తుకునే వరుస ముందుగా చెప్పకుండా గీతలు గీయించడం మాదే తప్పు.

మరదలు తోటే ఎత్తుకుంటుందని అందరం అనుకున్నాం. ఆమె ఎర్రనేల ఎత్తుకుంది. ఎందుకని అడిగితే, "తోటకు నాలుగు తడులు తప్పితే చెట్లు ఎండిపోతాయి వదినా, చేను ఒక యేడు బీడు పెట్టినా యాడికీ పోదు" అంది. నేను రోడ్డు పక్కది తీసుకున్నాను, అందులో ఆశ ఉందని ఒప్పుకుంటాను. చిన్న తమ్ముడు తోట ఎత్తుకున్నాడు, అన్నకు గరప మిగిలింది. చెట్లు పెట్టిన మనిషి చేతిలో నుంచి చెట్లు పోయాయి కనుక మూడు కాపులు అన్నే కోసుకునేటట్టు రాశాం. అయినా వాళ్ళిద్దరూ ఏడాది పాటు మాట్లాడుకోలేదు.

2015లో భాగపరిష్కార దస్తావేజు రిజిస్టరు చేయించాం. స్థిరాస్తి పంపకాన్ని కాగితం మీద పెట్టినప్పుడు అది రిజిస్టరు కావాల్సిందే, బాండు పేపరు మీద సంతకాలతో సరిపెట్టుకోకండి. ఆ తరువాత సబ్‌డివిజన్ కోసం సర్వేయరు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో చెబితే ఇంకో సమాధానం అవుతుంది. కొలిచిన రోజు ఒక లెక్క, ఎఫ్‌ఎంబీలో (సర్వే వాళ్ళ కొలతల పుస్తకంలో) ఇంకో లెక్క, పాసుపుస్తకంలో మరో లెక్క. రీసర్వే జరిగిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి కాబట్టి, మీ దస్తావేజులో రెండు నంబర్లూ, నాలుగు హద్దులూ, పక్క రైతుల పేర్లతో సహా రాయించండి.

బోరును నలుగురి ఉమ్మడి కింద పెట్టి, నాలుగు రోజులకొకసారి వంతు అని, మోటారు కాలిపోతే ఖర్చు నాలుగు పాళ్ళని ముందే రాసుకున్నాం. రిజిస్ట్రారు ఆఫీసుకు బయలుదేరే ముందు చిత్తుప్రతి చదివించుకున్న మరదలు, బోరే ఎండిపోతే ఎట్లని అడిగి, కొత్త బోరు ఎవరి ముక్కలో పడినా అదే వంతు, అదే ఖర్చు అని ఒక వాక్యం చేర్పించింది. 2018లో ఆ బోరు ఎండిపోయింది. కొత్తది రెండో ప్రయత్నంలో పడింది, అదీ అన్నకు మిగిలిన గరప నేలలో. ఆ వాక్యం లేకపోతే అన్న ఏమనేవాడో నాకు తెలుసు. ఉంది కాబట్టి ఇప్పటికీ నాలుగో రోజు తెల్లవారుజామున మరదలు వెళ్ళి స్టార్టరు వేసుకుంటుంది.