పెళ్లిళ్ల సీజన్ ముందు విండోస్ 11 వేయించమంటారా?

ప్రశ్న: మాది తెనాలి. పదిహేనేళ్లుగా చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, ఆధార్ ప్రింట్లు, జిరాక్స్ పని. ఐ3 నాలుగో జనరేషన్ సిస్టం, విండోస్ 10, అందులో పేజీలు కంపోజ్ చేసే పేజ్‌మేకర్ 7, తెలుగుకి అను ఫాంట్స్. విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని తెర మీద మెసేజ్ వస్తోంది. మా వీధిలో సర్వీసు చేసే అబ్బాయి ఐదొందలిస్తే గంటలో విండోస్ 11 కొట్టిస్తానంటున్నాడు. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. వేయించమంటారా?

జవాబు: వద్దండీ. సీజన్ అయ్యేదాకా ఆ సిస్టం మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి.

మీకొచ్చిన మెసేజ్ నిజమే. 2015 జులైలో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అంతమాత్రాన మర్నాటి నుంచి సిస్టం ఆన్ కాదని కాదు, పేజ్‌మేకర్ తెరుచుకుంటుంది, ప్రింట్లు వస్తాయి. ఇకమీదట విండోస్‌లో ఏదైనా లోపం బయటపడితే దాన్ని మూసే అప్‌డేట్ మీ సిస్టానికి రాదు, తేడా అదే. అదేమన్నా చిన్న విషయమా అంటే కాదు, ముఖ్యంగా మీలాంటి షాపుకి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది, వేసుకున్నవాళ్లు చాలామటుకు బయటపడ్డారు. ఒక ఇంట్లో వాడే కంప్యూటర్‌కి రోజుకి ఒక పెన్‌డ్రైవ్ పెడితే ఎక్కువ. మీ సిస్టానికి పొద్దుట్నుంచి రాత్రిదాకా ఎవరెవరివో ఎన్ని పెడతారో మీకే తెలుసు.

మరి 11 వేయించుకోవచ్చుగా అంటారు. విండోస్ 11కి పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో మీది లేదు. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కనీసం. ఐదొందలకు ఆ అబ్బాయి చేసేది ఈ తనిఖీని తప్పించి ఎక్కించడం. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా, చాలామంది నడుపుతున్నారు. కానీ అలా ఎక్కించిన సిస్టాలకు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతట అది రాదు, మళ్లీ ఎవరో వచ్చి ఎక్కించాల్సిందే. అప్‌డేట్ల కోసమే మారుతూ అప్‌డేట్లకే గ్యారంటీ లేని చోటికి వెళ్లడం నాకు సబబుగా అనిపించదు. పైగా ఆ ఐదొందల్లో యాక్టివేటర్ పేరుతో ఏదో క్రాక్ (దొంగ లైసెన్సు) ఫైలు కూడా నడిపిస్తారేమో అడగండి. అందులో ఏముందో వేసేవాడికీ తెలియదు.

ఇంకో భయం నాకు స్వయంగా అనుభవం. నేనూ ఒకప్పుడు శుభలేఖలు కంపోజ్ చేసినవాణ్ణే. 2020 జనవరిలో విండోస్ 7కి సపోర్ట్ ఆగినప్పుడు ఒక ఆదివారం రాత్రి కూర్చుని సిస్టం ఫార్మాట్ చేసి విండోస్ 10 వేసుకున్నాను. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో దాచాను, ఫాంట్స్ ఫోల్డర్ మర్చిపోయాను. సోమవారం పొద్దున్నే పెళ్లికూతురి మేనమామ ప్రూఫ్ చూడటానికి వచ్చి పక్కన స్టూల్ మీద కూర్చున్నారు, ఫైలు తెరిస్తే చి.ల.సౌ. అని ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి) కాని అను లాంటి ఫాంట్లతో వచ్చే ఇబ్బంది ఇదే, ఫాంట్ లేకపోతే కింద ఉన్నది తెలుగని కంప్యూటర్‌కి తెలియదు. మధ్యాహ్నానికి ఒక స్నేహితుడి ప్రెస్సులో పాత సీడీ దొరికింది కానీ అందులో ఉన్నది వేరే వెర్షన్, వేస్తే అక్షరాలు వచ్చాయి గానీ వత్తులు కొన్ని మారిపోయాయి, 'శ్రీరస్తు'లో తవత్తు ఉండాల్సిన చోట ఇంకేదో గుర్తు. ఆ రోజు పదకొండు కార్డులు అక్షరం అక్షరం చూసుకుంటూ మళ్లీ దిద్దాను. ఆయన సాయంత్రం దాకా లేవలేదు, నన్నొక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా బాధ.

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. సీజన్ అయ్యాక ఎనిమిదో జనరేషన్ లేదా అంతకంటే కొత్తది, సెకండ్ హ్యాండ్ అయినా సరే, అసలైన విండోస్ 11 ఉన్న సిస్టం ఒకటి తీసుకోండి. ఇంటర్నెట్, వాట్సాప్, కస్టమర్ల పెన్‌డ్రైవులు, ఆధార్ ప్రింట్లు అన్నీ దాని మీదే. పాత సిస్టానికి నెట్ కేబుల్ తీసేయండి, వైఫై ఆపేయండి, అది పేజ్‌మేకర్ పనికి మాత్రమే, దానికి పెట్టేది మీ సొంత పెన్‌డ్రైవ్ ఒక్కటే, అది కూడా కొత్త సిస్టంలో స్కాన్ అయ్యాకే. వ్యాపార సంస్థల కోసం విండోస్ 10కే అదనపు అప్‌డేట్లు డబ్బుకి అమ్ముతున్నారు, ఒక్కో కంప్యూటర్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపైన ప్రతి ఏడాదీ రెట్టింపు. మీ పాత సిస్టం మీద ఆ ఖర్చు దండగ, ఆ డబ్బు కొత్తదానికి కలుపుకోండి.

పేజ్‌మేకర్ విండోస్ 11లో నడవదా అంటే, అది 32 బిట్ ప్రోగ్రాం, అలాంటివాటిని 11 ఇంకా నడుపుతుంది. చిక్కు ఎక్కువగా పాత ప్రింటర్ డ్రైవర్ల దగ్గర వస్తుంది, ఎందుకంటే 11లో 64 బిట్ తప్ప ఇంకోటి లేదు. కొత్త సిస్టం కొనేముందు ఒక పాత శుభలేఖ ఫైలు, మీ ఫాంట్స్ తీసుకెళ్లి అక్కడే తెరిచి, వత్తులు చూసి, వీలైతే మీ ప్రింటర్ మోడల్‌కి 64 బిట్ డ్రైవర్ ఉందేమో కూడా వెతికించి అప్పుడు డబ్బులివ్వండి. అడోబ్ పేజ్‌మేకర్‌ని 2004లోనే ఆపేసింది, దాని బదులు అడోబే తెచ్చిన ఇన్‌డిజైన్‌లో తెలుగు యూనికోడ్ బాగానే కూర్చుంటుంది. కొత్తగా వచ్చే పనుల్లో ఒకటీ అరా అందులో చేస్తూ పోతే చెయ్యి అలవాటవుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం. 2018లో కొన్న ల్యాప్‌టాప్, ఐ5 ఎనిమిదో జనరేషన్, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. చెక్ చేస్తే టీపీఎం లేదని చూపిస్తోంది. కొత్తది కొనాలా? (కరీంనగర్)

జవాబు: అక్కర్లేదండీ, ఇంకో మూడేళ్లు లాగుతుంది. టీపీఎం లేక కాదు, చాలావరకు బయాస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ ల్యాప్‌టాపుల్లో అది పీటీటీ అనే పేరుతో ఉంటుంది, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. ఆన్ చేసి, 11కి పనికొస్తుందో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రాం మళ్లీ నడిపి చూడండి. కానీ 11 వేసేముందు హార్డ్ డిస్క్ బదులు దానికంటే వేగంగా ఉండే ఎస్‌ఎస్‌డీ వేయించి ర్యామ్ 8 జీబీ చేయించండి. 4 జీబీ, హార్డ్ డిస్క్ మీద 11 వేస్తే పాప ల్యాప్‌టాప్ ఆన్ చేసి టీ తాగి రావచ్చు, నాలుగు రోజులకే మళ్లీ కొత్తది కావాలంటుంది.

అసలైన విండోస్ 10 ఉంటే 11 ఉచితమే. అప్‌గ్రేడ్ చేశాక నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లో నుంచే వెనక్కి 10కి వెళ్లొచ్చు. ఆ తర్వాత ఆ దారి మూసుకుంటుంది, అందుకని సెమిస్టర్ పరీక్షలయ్యాక వేసి, ఆ పది రోజుల్లోనే కాలేజీ సాఫ్ట్‌వేర్లన్నీ ఒకసారి తెరిచి చూడమనండి. ఎస్‌ఎస్‌డీ మీద కొత్తగా 11 వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవ్వచ్చు, అంటే కీ లేకుండా తెరవలేని తాళం పడొచ్చు. అప్పుడు 48 అంకెల రికవరీ కీ ఒకటి ఆ అకౌంట్‌లో సేవ్ అవుతుంది. దాన్ని కాగితం మీద రాసి మీ బీరువాలో పెట్టండి, ఎప్పుడైనా బయాస్ మారితే అది అడుగుతుంది, లేకపోతే ప్రాజెక్టు ఫైళ్లు ఇంక దొరకవు.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. రాజమండ్రిలో నాన్నగారి దగ్గర పాత డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 10. ఆయన బ్యాంకు పని, మనవలతో వీడియో కాల్, పేపర్లు చదవడం తప్ప ఇంకేమీ చేయరు. సిస్టం 11కి పనికిరాదంటోంది.

జవాబు: ఆయనకు ఇప్పుడున్నదే ఉంచండి. డెబ్బై దాటినవాళ్లకు బటన్లు చోటు మారితే ఎంత ఇబ్బందో దూరంగా ఉన్న మనకు తెలియదు. ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది. విండోస్ 10లో చివరిదైన 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కావాలి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. లేదంటే 30 డాలర్లు లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ బటన్ కనిపిస్తుంది, వీడియో కాల్‌లో తెర చూస్తూ మీరే చేయించొచ్చు. ఈసారి ఇండియా వచ్చినప్పుడు విండోస్ బదులు ఉచితంగా వాడుకునే లైనక్స్ మింట్‌తో ఒక పెన్‌డ్రైవ్ తయారు చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే ఆయన ముందు బూట్ చేసి చూపించండి. బ్రౌజర్ ఒక్కటీ అలవాటైతే చాలు, ఆ డెస్క్‌టాప్ ఇంకొన్నేళ్లు ఆయనతో ఉంటుంది.

ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట మాత్రం చెప్పండి: "నాన్నగారూ, 'మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, ఫలానా యాప్ వేసుకోండి' అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి, తర్వాత నాకు చెయ్యండి." సపోర్ట్ ఆగిందన్న వార్త మోసగాళ్లకూ తెలుసు. ఆ కంప్యూటర్‌లోనే ఆయన పెన్షన్ ఖాతా తెరుస్తారు.