పెట్టె బరువుకే ఛార్జీ, మనిషి బరువుకు ఎందుకు లేదు?

ప్రశ్న: 23 కిలోల దాకా సామాను ఉచితమైన విమానంలో 55 కిలోల మనిషి 26 కిలోల పెట్టె తెస్తే అదనపు రుసుం కట్టాలి. 95 కిలోల మనిషి 22 కిలోల పెట్టె తెస్తే ఏమీ ఉండదు. ఇది న్యాయమా?

ఇంధనం లెక్కలో మీ మాట నిజమే. విమానానికి కిలో అంటే కిలోనే, ఒంట్లో ఉన్నా పెట్టెలో ఉన్నా. కానీ ఆ ఛార్జీ ఇంధనం కోసమే కాదు. చాలా విమానాల్లో పెట్టెల్ని కార్మికులే చేత్తో ఎత్తి, ఇరుకైన అరలో వంగి సర్దుతారు. అందుకే చాలా సంస్థలు 23 కిలోలు దాటితే 'హెవీ' ట్యాగ్ కడతాయి, 32 దాటితే అసలు తీసుకోవు. ఆ కార్మికుల నడుములు కాపాడే గీత అది.

మనిషిని తూచి టికెట్ అమ్మడం కూడా జరిగింది. 2013లో సమోవా ఎయిర్ అనే చిన్న విమాన సంస్థ ప్రయాణికుడినీ సామానునూ కలిపి తూచి, కిలోకి ఇంత అని వసూలు చేసింది. చిన్న విమానాల్లో ప్రతి కిలో లెక్కే కాబట్టి వాళ్ల వాదనలో పస ఉంది. అయినా నా మనసు ఒప్పుకోదు. సామాను తగ్గించుకోవడం మన చేతిలో పని. ఎత్తు, జబ్బు, గర్భం అలా కాదు కదా! పైగా నలుగురి ముందు తూకం ఎక్కించడం మనిషిని చిన్నబుచ్చడమే.

నాకు అన్యాయంగా తోచేది వేరే ఉంది. కొన్ని సంస్థల్లో 24 కిలోల పెట్టెకీ 32 కిలోల పెట్టెకీ ఒకటే అదనపు రుసుం. ఒక్క కిలో ఎక్కువైన పాపానికి అంత కట్టించడం దారుణం. దానికన్నా కిలో చొప్పున తీసుకునే పద్ధతే నయం. ఎలాగూ బరువు ఎక్కువవుతుందని తెలిస్తే ముందే ఆన్‌లైన్‌లో కొనండి, కౌంటర్ దగ్గరకన్నా చాలాసార్లు తక్కువ పడుతుంది. ఇంట్లోనే తూచుకుంటే ఆ టెన్షనూ ఉండదు.