టెక్ సందేహాలు: కొత్త కాయిల్ వేసినా మాడు రుచే!

ప్రశ్న: మాది పాలకొల్లు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. సిగరెట్ మానేద్దామని ఇక్కడ వేప్ (ఈ-సిగరెట్) కొన్నాను. అందులో లిక్విడ్‌ని వేడిచేసే కాయిల్ మార్చిన రోజే మాడు రుచి వచ్చేస్తోంది. సంక్రాంతికి ఇంటికొస్తున్నా. స్పేర్ కాయిల్స్ భీమవరంలో దొరుకుతాయా?

జవాబు: చివరిదానికి ముందు చెబుతా. ఎవరైనా చాటుగా అమ్మినా కొనొద్దు, అక్కడి నుంచి తేవద్దు. 2019 చట్టం ప్రకారం మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు అన్నీ నేరమే. మొదటిసారి దొరికితేనే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, ఒక్కోసారి రెండూ. ‘నా ఒక్కడి వాడకానికే కదండీ’ అని కస్టమ్స్ వాళ్లతో వాదించే సరదా లేకపోతే దాన్ని లెస్టర్ గదిలోనే వదిలేసి రండి. పందెం బరి దగ్గర ఇంత జనంలో మనల్నెవరు చూస్తార్లే అనుకోవద్దు. పండగ నాలుగు రోజులూ నికోటిన్ మీదకి మనసు పోతుందని టెన్షన్ అయితే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మన మెడికల్ షాపుల్లోనే దొరుకుతుంది.

ఇక మాడు సంగతి. మాడేది ఎక్కువగా లోపలి దూది. అది లిక్విడ్‌ని పీల్చుకుని కాయిల్‌కి అందిస్తుంది. తడి ఉన్నంతసేపూ కాయిల్ వేడి లిక్విడ్‌ని ఆవిరి చేయడానికే సరిపోతుంది. తడి ఆరిందా, దూది కమిలిపోతుంది. మొదటి రోజే ఇలా అవుతోందంటే బిగించిన వెంటనే లాగేస్తున్నారని నా అనుమానం. కొత్త కాయిల్ పక్కన చిన్న కన్నాలుంటాయి, వాటిలోంచి తెల్లటి దూది కనిపిస్తుంది. దాని మీద రెండు మూడు చుక్కలు లిక్విడ్ వేసి, పొడి తెలుపు పోయి నానినట్టు కనబడ్డాక బిగించండి. ట్యాంక్ నింపి ఓ పది నిమిషాలు దాని జోలికి పోవద్దు. కాయిల్ మీద వాట్స్ రాసి ఉంటాయి, అందులో తక్కువ అంకెతో మొదలుపెట్టండి. వరసపెట్టి లాగకండి, దూదికి మళ్లీ తడవడానికి టైమ్ కావాలి.

లిక్విడ్ సీసా మీద వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) శాతం కూడా చూడండి. 70, ఆపైన ఉంటే ద్రవం చిక్కగా ఉంటుంది, చలికి ఇంకా చిక్కబడుతుంది, చిన్న పాడ్‌లలో (లిక్విడ్ నింపే చిన్న డబ్బీల్లో) దూదిలోకి త్వరగా ఎక్కదు. బాగా తియ్యగా ఉండే ఫ్లేవర్లయితే కాయిల్ మీద నల్లటి మడ్డి పేరుకుంటుంది.

ఒకసారి కమిలిన దూదిని వేడినీళ్లలో కడిగినా బాగుపడదు, పారేయడమే. పౌండ్లు పోసి కొన్నాం కదా అని అలాగే లాగితే ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటివి ఎక్కువగా గొంతులోకి పోతాయి.

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర చెరువుల ఊరు. దోమల లిక్విడ్ మెషిన్ రాత్రిళ్లు మాడు వాసన కొడుతోంది. ఖాళీ సీసాలో కిరోసిన్, కర్పూరం కలిపి పోసుకోమని మా తోడికోడలు అంటోంది.

జవాబు: కిరోసిన్ మాత్రం వద్దమ్మా, వేడి మెషిన్ పక్కన అది నిప్పుతో చెలగాటమే. లిక్విడ్ అయిపోయినా స్విచ్ ఆపకపోతే ఎండిన పుల్ల మాడుతుంది. ఆ పుల్ల రీఫిల్‌తోనే వస్తుంది కాబట్టి కొత్త సీసా పెడితే సరి. అప్పటికీ ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంటే సాకెట్ చూడండి. కన్నాల చుట్టూ గోధుమరంగు మచ్చ ఉంటే ప్లగ్ లూజుగా ఉన్నట్టు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్ మార్పించేదాకా అందులో ఏమీ పెట్టకండి.