పొట్ట ఆపరేషన్ తర్వాత టేపు: నా సొంత తెలివి తెచ్చిన బొబ్బలు

పొట్ట బిగించే ఆపరేషన్ (టమ్మీ టక్) అయి రెండు వారాలైందని, వాపు తగ్గడానికి సాగే టేపు వాడమన్నారని, దాన్ని ఇంట్లో మీరే వేసుకోవచ్చా అని అడిగారు. నాకూ అదే ఆపరేషన్ జరిగింది. వేసుకోవచ్చు, కానీ మొదటిసారి మాత్రం వద్దు.

నాకు మొదట ఫిజియోథెరపిస్టు వేశారు. టేపుకు ఒక చివర అలాగే ఉంచి, మిగతాది నాలుగైదు సన్నని పాయలుగా కత్తిరించారు. కత్తిరించని చివరను పక్కటెముకల మీద చంక వైపు అంటించి, పాయలను వాపు మీదకు పరిచారు. గజ్జల వైపు ఎందుకు వేయలేదని అడిగాను. బొడ్డు కింది శోషరసం (కణాల మధ్య చేరే పల్చటి నీరు) మామూలుగా గజ్జల్లోని గ్రంథులకే పోతుందట. పొట్టకు అడ్డంగా పెట్టిన గాటు ఆ దారులను తెంచేస్తుంది కాబట్టి నీరు గాటుకు పైన నిలిచిపోతుంది. దాన్ని చంకల వైపు మళ్లించాలన్నది ఆవిడ లెక్క.

నాలుగో రోజు టేపు తీస్తే నవ్వొచ్చింది. పాయల కింద కమిలిన చర్మం పసుపు రంగుకు తిరిగింది, వాటి మధ్య ఇంకా ఊదాగానే ఉంది. అచ్చం చారల గుర్రం! అయితే వాపు మొత్తంగా తగ్గడానికి నెలలు పట్టింది. అందులో టేపు వాటా ఎంతో, రోజంతా కట్టుకున్న బెల్టు వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

రెండోసారి నేనే వేసుకున్నాను. గట్టిగా లాగితే గట్టిగా పనిచేస్తుందనుకున్నాను. ఆపరేషన్ తర్వాత పొట్ట చర్మానికి స్పర్శ సరిగా ఉండదు కదా, మంట తెలియలేదు. తెల్లారి చూస్తే టేపు చివర్లలో బొబ్బలు. ఆ టేపును తయారీలోనే వెనక కాగితం మీద కొంచెం సాగదీసి అంటిస్తారట. వాపుకైతే కాగితం తీసి అలాగే పరిస్తే చాలు, చివర్లను అసలు లాగకూడదు.

ముందు చిన్న ముక్క చేతి మీద అంటించి ఒక రోజు చూడండి, కొందరికి జిగురు పడదు. మూలలు గుండ్రంగా కత్తిరించండి. తీసేటప్పుడు నూనె రాసి, చర్మాన్ని వేలితో అదిమిపట్టి టేపును మెల్లగా చుట్టుకుంటూ తీయండి. మానని గాయం మీద, లోపలి నీరు బయటకు పోయే డ్రెయిన్ గొట్టం పెట్టిన చోట వద్దు. పొట్ట నీటి సంచిలా కదులుతున్నా, జ్వరం వచ్చినా సర్జన్‌కు చూపించాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మచ్చ మీద వేసే కాగితపు టేపు వేరు. అది సాగదు. గాటు పూర్తిగా మూసుకున్నాక సర్జన్ సరేనంటే మచ్చ పొడవునా అంటిస్తారు. చర్మం అటూ ఇటూ లాగకుండా ఉంటే మచ్చ లావెక్కే అవకాశం తగ్గుతుంది. నేను 12 వారాలు వాడాను.

ఫిజియోథెరపిస్టు టేపు వేసిన వెంటనే ఫోనులో ఫొటో తీయించుకోండి. తర్వాత అద్దంలో చూస్తూ వేసుకునేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి.